నాన్న టాటామొబైల్ 206 పికప్ బండి అమ్మాలి: రంగు వేయించాలా, ఉన్నదున్నట్టే ఇచ్చేయాలా?

ఉద్దానం తోట:
అందరికీ నమస్కారం. మాది కవిటి దగ్గర పల్లె. నాన్న 1994లో కొత్తగా కొన్న టాటామొబైల్ 206 ఇప్పటికీ నడుస్తోంది. ఏపీ 30 నంబరు, మొదటి నుంచీ ఒకే ఓనరు. మా తోట కొబ్బరికాయలు, పనసకాయలు, పలాస వెళ్ళే జీడిపిక్కలు, అన్నీ దాని మీదే. ఇప్పుడు నాన్నకి చూపు ఆనడం లేదు, నా ఉద్యోగం విజయనగరంలో. ఊరికే నిలబెడితే పాడైపోతుందని అమ్మకానికి పెడుతున్నాం.

ఇంజను కంపెనీదే, బోరు ఒకసారి చేయించాం. డోర్లు, బానెట్, డాష్‌బోర్డు, సీటు ఫ్రేము బండితో వచ్చినవే. నంబరు ప్లేటు పక్క రేకు మీద టాటా మోటార్స్ పాత పేరు టెల్కో ఇంకా చదవొచ్చు. లోపాలూ చెప్తాను. మీటరు ఆగిపోయి చాలా ఏళ్ళయింది, ఎంత తిరిగిందో ఎవరూ చెప్పలేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి చెట్టు విరిగి పడి క్యాబిన్ పైన సొట్ట పడింది. వెనక తొట్టి అడుగు రేకుని ఉప్పుగాలి తినేసింది. చలికాలం పొద్దున్న సెల్ఫ్ కాస్త సతాయిస్తుంది, ఎండెక్కాక ఏ గొడవా లేదు.

బరంపురం పాత ఇనుము వ్యాపారి తూకం లెక్కన అడిగాడు. విశాఖ నుంచి ఒకబ్బాయి వేరే ఇంజను, వెడల్పు టైర్లు వేసి నల్లరంగు కొట్టిస్తానన్నాడు. కాశీబుగ్గ పెయింటరేమో ముందు రంగు వేయిస్తే మంచి రేటొస్తుందంటున్నాడు. నాన్నది ఒకటే మాట: "కోసేవాడికి ఇవ్వొద్దు, తోలేవాడికి ఇయ్యి." ఏం చేస్తే బాగుంటుందో చెప్పండి.

సాలూరు షెడ్డు:
బాబూ, రంగు జోలికి వెళ్ళకు. లారీల ఊళ్ళో పుట్టి పెరిగినోణ్ణి, చెప్తున్నా విను. పాత బండికి కొత్త రంగు కనిపించగానే కొనేవాడికి మొదట వచ్చే అనుమానం, కింద ఎంత పుట్టీ దాచారోనని. సొట్ట అలాగే ఉంచు. కడిగించు, గ్రీజు పెట్టించు, బ్యాటరీ మంచిది వెయ్యి, అంతే.

అసలు చూడాల్సింది చాసిస్, అంటే బండి అడుగు ఫ్రేము. సముద్రం పక్క బండి కదా, వెనక కమాన్ కట్టలు తగిలే చోట, తొట్టి కింద, చిన్న సుత్తితో కొట్టి చూడు. ఖంగుమంటే బండి బతికినట్టే. మొద్దుగా మోగితే లోపల తినేసిందని అర్థం, అది ముందే చెప్పెయ్. ఫొటోలు కూడా పైనుంచి కాదు, కిందకి దూరి తియ్యి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన వీడియో పెట్టు. వేడి చేసి చూపిస్తే తెలిసినోడు నమ్మడు.

కాగితాల మనిషి:
ముందు సి-బుక్కు తీసి చూడండి. అప్పు తీరిపోయినా ఫైనాన్స్ పేరు అందులో ఉండిపోతే ఫారం 35 మీద కొట్టేయించాలి. అమ్మేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు నాన్నగారివే. బరంపురం అంటే ఒడిశా, బండి అక్కడి పేరు మీదకి మార్చాలంటే అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌ఓసీకి ఫారం 28 కావాలి. చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ ఇప్పుడే తీసి చూసుకోండి. తుప్పుకి అంకెలు చెరిగిపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర పని ఆగిపోతుంది.

గూడ్స్ బండి కాబట్టి ఈ వయసులో ఏటేటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఎఫ్‌సీ ఉండాలి. అది లేకుండా "రన్నింగ్ కండిషన్" అని ప్రకటన ఇస్తే కొన్నవాడు రేపు మీ గుమ్మం ముందు ఉంటాడు. ఇంకోటి, వింటేజ్ అని రాయకండి. 2021 నాటి కేంద్ర నిబంధన ప్రకారం ఆ గుర్తింపు 50 ఏళ్ళు దాటిన సొంతవాడకం బళ్ళకే.

నింపని ఫారాల మీద సంతకం పెట్టించి బ్రోకరు చేతికి మాత్రం ఇవ్వొద్దు. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలి. మీరూ వెంట ఉండి పేరు మార్పించండి. రేపు ఏ రోడ్డు మీద ఏం జరిగినా నోటీసు సి-బుక్కులో పేరున్నవాడికే వస్తుంది.

బొబ్బిలి డీజిల్:
అన్నా, దయచేసి ఇనుము కింద ఇవ్వకండి. 206 వచ్చింది 1988లో. 1991లో టాటా సియెర్రా కారు, మరుసటేడు ఎస్టేట్ కారు వచ్చింది దీని పునాది మీదే. సియెర్రా ఉన్నవాళ్ళకి దీని విలువ తెలుసు. అందులో కొందరు విడిభాగాల కోసమే అడుగుతారు, ఆ సంగతి ముందే తేల్చుకోండి. రంగు పోయినా ఒరిజినల్ డోర్లు, గ్రిల్లు ఉన్నాయంటే నాలాంటి వాడికి అదే కావాలి. మాకు మామిడితోట ఉంది, బండి పనిలోనే ఉంటుంది. ఎఫ్‌సీ ఉందా?

ఉద్దానం తోట:
అందరికీ చాలా థ్యాంక్స్. పెయింటరుకి వద్దని చెప్పేశాను. సుత్తితో కొట్టి చూశాం, చాసిస్ ఎడమవైపు బాగుంది. కుడివైపు వెనక కట్ట దగ్గర ఒక జానెడు మేర అనుమానంగా మోగింది. ఆ ఫొటో కూడా పెడతాను. సి-బుక్కులో బ్యాంకు పేరు అలాగే ఉంది, నాన్నకీ గుర్తు లేదు. ముందు ఆ పని చూస్తాను. ఎఫ్‌సీ గడువు అయిపోయింది తమ్ముడూ, ఆ ఖర్చు ధరలో తగ్గించుకుందాం. కాగితాలు సర్దుకున్నాక కబురు చేస్తాను. పొద్దున్నే రా, చల్లటి ఇంజను నువ్వే స్టార్ట్ చేసి చూసుకో. బేరం నాన్నతోనే మాట్లాడాలి.