మార్మన్ చర్చి వదిలాక కూడా తప్పు చేస్తున్నట్టే ఉంటుంది, ఎందుకు?

గోదారిగట్టు:
మార్మన్ చర్చిలో కాఫీ, టీ నిషిద్ధం కదా, నమ్మకం పోయి చర్చి మానేసినవాళ్లకి కూడా కాఫీ తాగుతుంటే గుండె దడదడలాడుతుందంటారు. చర్చి రికార్డుల్లోంచి పేరు తీయించేసుకుంటే తగ్గుతుందా?

వేపనీడ:
నమ్మకం పోయినంత త్వరగా అలవాటు పోదండీ. టెంపుల్ (మార్మన్ల ప్రత్యేక పవిత్ర మందిరం) లోపలికి వెళ్లే అనుమతి కార్డు రెండేళ్లకోసారి మార్చుకోవాలి. అప్పుడు ఒకసారి బిషప్ (స్థానిక సంఘ పెద్ద) దగ్గర, ఇంకోసారి పైస్థాయిలో అవే ప్రశ్నలు: కాఫీ, టీ ముట్టడం లేదా, దశమభాగం పూర్తిగా ఇస్తున్నావా, గార్మెంట్ (బట్టల లోపల వేసుకునే మతపరమైన లోదుస్తులు) వేసుకుంటున్నావా? ఎదురుగా ఎవరూ లేకపోయినా మనసు జవాబులు వెతుక్కుంటూనే ఉంటుంది. అన్నీ ఒకేసారి వదిలితే భయం ముదురుతుంది. ముందు మామూలు బనియన్లు కొనుక్కోమనండి, కాఫీ సంగతి తర్వాత.

పాతసున్నం:
పేరు తీయించడం తేలికే. సంతకం చేసిన లేఖ బిషప్‌కి ఇవ్వాలి, లేదా నోటరీ చేయించి సాల్ట్ లేక్ సిటీ ప్రధాన కార్యాలయానికి పంపాలి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామాతో పాటు ‘ఇంటికి ఎవరినీ పంపొద్దు’ అని కూడా రాస్తే మంచిది. చిక్కల్లా ఇంట్లోనే. రాజీనామాతో టెంపుల్‌లో చేసిన ‘సీలింగ్’ (కుటుంబాన్ని శాశ్వతంగా కలిపి ఉంచే కర్మ) దీవెనలు పోతాయి. పరలోకంలో బిడ్డ దూరమైపోతుందని తల్లి నిజంగానే శోకిస్తుంది. ఆవిడతో వాదన పెట్టుకోకూడదు. లేఖ వెళ్లకముందే నోటితో చెప్పాలి.

గోదారిగట్టు:
ఆ చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చదువుతుంటే?

పాతసున్నం:
అయితే లేఖ పంపొద్దు. అక్కడ ఏటా మతపెద్ద ఆమోదం ఉండాలి. సభ్యత్వం వదులుకుంటే సీటుకే ఎసరు. పట్టా చేతికొచ్చాకో, వేరే కాలేజీకి మారాకో పంపుకోవచ్చు.