పెట్రోలు ముల్లు నిలవని బండి: ట్యాంకు ఫ్లోటు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

పాతబండి:
నాది 12 ఏళ్ల నాటి కార్బురేటర్ బండి. ట్యాంకు నిండుగా ఉన్నా ముల్లు సగం దగ్గరే ఆగిపోతోంది, మలుపు తిరిగితే ఒక్కసారిగా సున్నాకు పడుతోంది. పెట్రోలు మీద తేలుతూ మట్టాన్ని ముల్లుకు తెలిపే ఫ్లోటును మార్చాలని ఒక మెకానిక్కు చెప్పారు. విప్పవలసినవి నాలుగైదు నట్లే కనుక ఆదివారం నేనే మారుద్దామనుకుంటున్నాను, కాని ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

షెడ్డు మెకానిక్కు:
ఇంట్లోవాళ్ల మాటే వినండి. నట్లు విప్పడం ఎవరికైనా వస్తుంది; అసలు ఇబ్బంది పెట్రోలుతోనే. దాని ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు, నేలబారున పాకుతూ పక్క గదిలోని పొయ్యి వరకో దేవుడి దీపం వరకో చేరుతుంది. మంట కనబడనక్కరలేదు, ఫ్రిజ్ తనంతట తాను ఆన్ అయినప్పుడు లోపల పుట్టే చిన్న మెరుపు చాలు.

ఫిజిక్స్ మాస్టారు:
మెకానిక్కు గారు చెప్పిన ప్రమాదం నిజమే, కాని అది చోటును బట్టి వచ్చేది, పని చేసే మనిషిని బట్టి కాదు. నా బండికి ఒక షెడ్డులో ఫ్లోటు మార్చినప్పుడు పక్కనే వెల్డింగు జరుగుతోంది, పైగా ఫ్లోటు అతుకు దగ్గర పెట్రోలు కారకుండా వేసే రబ్బరు రింగు పాతదే మళ్లీ వేశారు. రెండో రోజుకే ఇంజను మీద పెట్రోలు చుక్కలు కనిపించాయి.

అయితే విప్పకముందే ఒక పరీక్ష చేయాలి. ఫ్లోటుతో పాటు కదిలే చిన్న రేకు ఒక నిరోధకపు పట్టీ మీద జారుతూ ఉంటుంది, ఆ నిరోధం మారినకొద్దీ ముల్లు కదులుతుంది. పట్టీ ఒకచోట అరిగిపోతే ముల్లు అక్కడే తడబడుతుంది. కాని ట్యాంకు కింద తీగలను కలిపే కప్లరులో పిన్నులకు చిలుము పట్టినా లక్షణాలు దాదాపు ఇలాగే ఉంటాయి. తాళంచెవి తీసి, కప్లరు ఊడదీసి, ట్యాంకు వైపు రెండు పిన్నుల మధ్య మల్టీమీటరుతో నిరోధం (ఓములు) చూస్తూ బండిని మెల్లగా అటూ ఇటూ ఊపించండి. అంకె నిదానంగా మారుతుంటే ముందు కప్లరును అనుమానించండి. మధ్యలో తెగిపోతూ మళ్లీ వస్తుంటే ఫ్లోటు పోయినట్లే.

షెడ్డు మెకానిక్కు:
వెల్డింగు పక్కన ఆ పని చేయడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కాని ఇది చదివి కొత్త బండివాళ్లు కూడా స్పానరు పట్టుకుంటారేమోనని నా భయం. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్ 6 పొగ నిబంధనలతో వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి పంపు ట్యాంకులోనే ఉంటుంది, కొన్నింటిలో ఫ్లోటు ఆ పంపుకే బిగించి ఉంటుంది, పైపులో పెట్రోలు ఒత్తిడితో నిలిచి ఉంటుంది. ఆ ఒత్తిడి తగ్గించకుండా పైపు లాగితే ముఖం మీదికి చిమ్ముతుంది. అవి ఇంట్లో ముట్టుకోవలసినవి కావు.

పాతబండి:
చూశాను. కప్లరు శుభ్రంగానే ఉంది, బండిని ఊపినప్పుడు మాత్రం అంకె మధ్యలో మాయమవుతోంది. కాబట్టి ఫ్లోటే మార్చాలి. మాది అపార్టుమెంటు, సెల్లారులో చేయవచ్చా?

ఫిజిక్స్ మాస్టారు:
సెల్లారు అస్సలు వద్దు, ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. ఆరుబయట నీడలో, ఇంజను పూర్తిగా చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసిన తర్వాతే మొదలుపెట్టండి. ట్యాంకులోని పెట్రోలును కాక్ (పెట్రోలు కుళాయి) పైపు ద్వారా మూత ఉన్న లోహపు డబ్బాలోకి దించండి. ప్లాస్టిక్ బకెట్టులో స్థిర విద్యుత్తు పోగవుతుంది. పైపును నోటితో పీల్చే అలవాటుంటే మానుకోండి. ఫ్లోటును పట్టి ఉంచే సన్నటి తీగ సులువుగా వంగుతుంది, దాన్ని వంచకుండా పాతది ఏ వైపు తిరిగి ఉందో చూసుకుని అదే వైపు దించండి.

షెడ్డు మెకానిక్కు:
సరే, మీరు చేసే తీరుతారన్నమాట. అయితే రింగు మాత్రం కొత్తదే వేయండి, పెట్రోలులో నానిన పాత రింగు ఉబ్బి గాడిలో కూర్చోదు. ఒక నట్టు పూర్తిగా బిగించి తర్వాత ఇంకొకటి పట్టుకోకుండా ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగిస్తూ పోండి. బిగించాక వెంటనే ట్యాంకు నింపవద్దు. ఫ్లోటును బిగించే పళ్లెం ట్యాంకు అడుగునే ఉంటుంది కనుక ఒక లీటరు పోస్తే అతుకు మునుగుతుంది. కింద పొడి కాగితం పరిచి అరగంట చూడండి. కాగితం తడిస్తే బండి స్టార్టు చేయకుండా నాకు కబురు చేయండి, నేనే వస్తాను.