తొలి కాన్పుకి ముందు పెరీనియల్ మసాజ్: ఎప్పటి నుంచి, ఎలా, ఎంతసేపు?

గోదారిగట్టు

మా చెల్లికి 33 వారాలు నిండాయి, తొలి కాన్పు. బిడ్డ తల కిందికే ఉంది, నార్మల్‌కే చూద్దామన్నారు డాక్టరమ్మ. కోత, కుట్లు తప్పాలంటే పెరీనియల్ మసాజ్ (యోనిద్వారం కింది భాగాన్ని నూనె రాసి వేళ్లతో సాగదీయడం) చేసుకోమని ఎవరో చెప్పారట. ఏ వారం నుంచి మొదలుపెట్టాలి? ఏ నూనె? ఇంట్లో పెద్దవాళ్లు ఆముదం అంటున్నారు. ఎంత లోపలికి, ఎంత గట్టిగా? రోజూ చేయాలా? తెలిసినవాళ్లు సిగ్గుపడి సగం సగం చెప్పకుండా వివరంగా రాయండి ప్లీజ్.

కాన్పుగది

ముందు ఎవరు చేయకూడదో చెబుతానండీ, వీడియోల్లో ఎక్కువగా ఎగరగొట్టేది ఈ ముక్కే. స్కాన్‌లో మాయ కిందికి ఉందని రాసినా, రక్తం కనిపించినా, నెలలు నిండకుండానే కాన్పయ్యే భయం ఉన్నా, గర్భసంచి మూతికి కుట్టు వేసి ఉన్నా, ఉమ్మనీరు పోయినా వద్దు. దురదతో తెల్లబట్ట అవుతున్నా, మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ హెర్పిస్ పుండ్లు గానీ ఉన్నా అది తగ్గేదాకా ఆగాలి. బీపీ ఎక్కువుంటే డాక్టరు ఒప్పుకున్నాకే. ఇవేవీ లేకపోతే 34–35 వారాల నుంచి మొదలుపెట్టొచ్చు.

పెరీనియం అంటే యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్య భాగం. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు బాగా సాగేది అదే, కోత పెట్టేదీ అక్కడే.

స్నానం చేశాక చేసుకుంటే మేలు, వేడినీళ్లకి కండరాలు కాస్త వదులవుతాయి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, మూత్రానికి వెళ్లి రావాలి. వీపు వెనక రెండు మూడు దిండ్లు పెట్టుకుని ఆనుకుని, మోకాళ్లు మడిచి పక్కలకి వదిలేయాలి. పూర్తిగా వెల్లకిలా వద్దు, ఈ నెలల్లో కళ్లు తిరుగుతాయి. మొదట్లో ఎదురుగా చిన్న అద్దం పెట్టుకుంటే ఎక్కడేముందో తెలుస్తుంది. చెంచాడు నూనె శుభ్రమైన గిన్నెలో పోసుకుని అందులోనే వేళ్లు ముంచండి. నేరుగా సీసాలో ముంచొద్దు, మిగిలింది తిరిగి పోయొద్దు.

నూనె రాసిన బొటనవేళ్లు సుమారు 3 సెంటీమీటర్లు లోపలికి వెళ్తే చాలు. యోనిద్వారాన్ని గడియారం అనుకుంటే మూత్రద్వారం పైన 12 వైపు, మలద్వారం కింద 6 వైపు. మన పనంతా 3 నుంచి 9 వరకు ఉన్న కింది సగంలోనే. బొటనవేళ్లతో ముందు మలద్వారం వైపు కిందికి నొక్కి, తరవాత పక్కలకి లాగి పట్టుకోవాలి. చురుక్కుమనగానే అక్కడే ఆగాలి. నోటి మూలలని చూపుడువేళ్లతో పక్కలకి లాగి చూడండి, అలాంటి మంటే. ఒకటి రెండు నిమిషాలు కదపకుండా పట్టుకుంటే ఆ మంట మెల్లగా తగ్గుతుంది. అప్పుడు ఒత్తిడి వదలకుండానే వేళ్లను 6 నుంచి 3 వైపుకీ, మళ్లీ 9 వైపుకీ నెమ్మదిగా జరుపుతూ ఇంకో రెండు మూడు నిమిషాలు. మొత్తం 5 నిమిషాలు చాలు, 10 దాటక్కర్లేదు. మంట పర్వాలేదు గానీ, ఊపిరి బిగబట్టేంత నొప్పి వస్తే ఎక్కువ లాగుతున్నట్టే.

నూనె విషయానికొస్తే కొబ్బరి, ఆలివ్, పొద్దుతిరుగుడు ఏదైనా సరే, సెంటు కలపనిది కావాలి. గింజల అలర్జీ లేకపోతే బాదం నూనె కూడా. మెడికల్ షాపులో దొరికే నీటి ఆధారిత జెల్ కూడా పనికొస్తుంది. వాజిలిన్, బేబీ ఆయిల్ వద్దు. కర్పూరం, మెంథాల్ ఉన్న నొప్పుల నూనెల జోలికి అసలు పోవద్దు, లోపల భగ్గుమంటుంది. ఆముదం మరీ జిగురు, దీనికి అవసరం లేదు. నొప్పులు వస్తాయని తాగించడం అయితే అస్సలు వద్దు, విరేచనాలై నీరసపడిపోతుంది.

నల్లమల

రోజూ అక్కర్లేదండీ. 1999లో వచ్చిన కెనడా పరిశోధనలో 34–35 వారాల నుంచి రోజూ 10 నిమిషాలు చేయమన్నారు. అంతకుముందు యోని ద్వారా కాన్పు కానివాళ్లలో, మసాజ్ చేసుకోమన్న గుంపులో 100కి 24 మందికి, మిగతా గుంపులో 15 మందికి పెరీనియం చిరగకుండా ఉంది. తరవాత కొక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ 2013 సమీక్ష నాలుగు పరిశోధనల్లోని దాదాపు 2,500 మందిని కలిపి చూసింది. అందులో వారానికి ఒకటి రెండుసార్లతోనే లాభం కనిపించింది, ఎక్కువసార్లు చేసినంత మాత్రాన అది పెరగలేదు.

లాభం ఎంతంటే, తొలిసారి కనేవాళ్లలో 15 మంది చేసుకుంటే ఒకరికి కుట్లు తప్పుతాయి. మలద్వారం కండరం దాకా వెళ్లే మూడో, నాలుగో డిగ్రీ చిరుగుళ్లలో మాత్రం ఆ సమీక్షలో తేడా తేలలేదు. "ఇది చేస్తే కుట్లు పడవు" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి. ఖర్చు లేని పని, చేసుకోవచ్చు. అంతే.

గోదారిగట్టు

చాలా థాంక్స్ అండీ. ఇంకో డౌటు, పొట్ట పెద్దదై చేతులు కిందిదాకా అందడం లేదంటోంది. కొద్దిగా మొలలు కూడా ఉన్నాయి.

పెల్విక్ ఫిజియో

36 వారాలు దాటాక చాలామందికి రెండు చేతులూ అందవు. ఒక కాలు స్టూలు మీద పెట్టి, గోడకి ఆనుకుని నిలబడి ఒకే బొటనవేలితో చేసుకోవచ్చు. లేదా ఎడమపక్కకి తిరిగి పడుకుని, కాళ్ల మధ్య దిండు పెట్టుకుని, కుడిచెయ్యి వెనక నుంచి పోనివ్వాలి. భర్త చేస్తే బొటనవేళ్లు కాకుండా రెండు చూపుడువేళ్లు వాడాలి. ఎంత ఒత్తిడి అన్నది ఆమే చెప్పాలి, ఆపమంటే వెంటనే ఆపాలి. కాన్పుకి పుట్టింటికి వచ్చేసి ఉంటే ఒకే చేతి పద్ధతే సులువు.

మొలలుంటే సూటిగా 6 వైపు గట్టిగా నొక్కొద్దు, 4–5 వైపూ 7–8 వైపూ లాగితే సరిపోతుంది. మొలల్లో రక్తం పడుతుంటే మానేయాలి. మలద్వారానికి తగిలిన వేలు మళ్లీ కడుక్కోకుండా లోపలికి పెట్టొద్దు.

ఎక్కువమంది చేసే పొరపాటు రుద్దడం. చర్మాన్ని ముందుకీ వెనక్కీ గబగబా రుద్దితే ఒరుసుకుపోయి వాచి, మర్నాడు మూత్రం పోస్తే మండుతుంది. మనకి కావలసింది సాగదీసి పట్టుకోవడం. ఇంకోటి, వేలు పెట్టగానే కండరం బిగుసుకుపోవడం. అలాంటప్పుడు వేలు కదపకుండా నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ కండరం వదిలేదాకా ఆగాలి, బలవంతంగా లాగితే ఇంకా బిగుస్తుంది. నిజానికి ఆ మంటలోనూ కండరాన్ని వదిలేయడం అలవాటు కావడమే పెద్ద లాభమని నా అభిప్రాయం. అయ్యాక పైన మాత్రం నీళ్లతో కడుక్కోవాలి, లోపల సబ్బు వద్దు. నూనె తగిలితే లేటెక్స్ కండోమ్ చిరుగుతుంది, అదీ గుర్తుంచుకోండి.

కాన్పుగది

కాన్పుగదిలో జరిగేదీ ముఖ్యమే. 37–38 వారాల చెకప్‌లో డాక్టరమ్మని అడగండి: తొలి కాన్పని అందరికీ కోత పెడతారా, అవసరమైతేనేనా? అందరికీ పెట్టే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. బిడ్డ గుండె వేగం తగ్గి త్వరగా బయటికి తీయాల్సి వస్తే మాత్రం కోత తప్పకపోవచ్చు, అక్కడ వాదించొద్దు. తల కనిపించేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ పెరీనియం మీద ఆనించి పట్టుకోమని ముందే చెప్పి ఉంచండి. దానివల్ల పెద్ద చిరుగుళ్లు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. తల బయటికి వచ్చే క్షణంలో ముక్కడం ఆపి చిన్నచిన్న ఊపిర్లు వదలమంటారు. అది మీ చెల్లి ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి.

పాలపిట్ట

మధ్యలో వస్తున్నా. రెండో కాన్పు, మొదటిసారి కోత పెట్టారు. ఆ కుట్ల మచ్చ మీద చేసుకోవచ్చా?

పెల్విక్ ఫిజియో

చేసుకోవచ్చండీ. నార్మల్ కాన్పు ఇదివరకే అయినవాళ్లకి చిరుగుళ్లలో పెద్ద తేడా ఉండదు గానీ, మూడు నెలల తరవాత కూడా మిగిలే నొప్పి తక్కువని ఆ కొక్రేన్ సమీక్షలోనే ఉంది. మచ్చ గట్టిగా తాడులా తగిలే చోట ముందు పైనుంచి వేలితో మెల్లగా కదిలించి, తరవాత లోపలి నుంచి సాగదీయండి. మొదటిసారి చిరుగు మలద్వారం కండరం దాకా వెళ్లి ఉంటే మాత్రం డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లి డాక్టరుకి చూపించండి. అలాంటప్పుడు కాన్పు ఎలా అన్నదే ముందు తేల్చుకోవాలి.