సిరోంచకు వస్తున్నాం: తెలుగులో చదివిన బాబును మరాఠీ బడిలో ఏ తరగతిలో వేయాలి?

మంచిర్యాల నుంచి:
ఈ ఎండాకాలంలో మహారాష్ట్రలోని సిరోంచకు మారుతున్నాం. బాబు తెలుగు మీడియంలో రెండో తరగతి అయిపోయింది. జిల్లా పరిషత్ బడిలో మూడులో వేస్తే మరాఠీ రాక వెనకబడతాడేమోనని టెన్షన్‌గా ఉంది. మళ్లీ రెండులోనే వేయమంటున్నారు కొందరు.

అంకీసా నుంచి:
వద్దు తమ్ముడూ, మూడులోనే వెయ్యి. బడి మొహమే చూడని పిల్లవాడిని కూడా వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. మీవాడు చదువుకుని వస్తున్నాడు, వెనక్కెందుకు?

మా పాప తీసివేతలు గబగబా చేసేది. సర్ ‘ఏక్‌వీస్’ (21) అంటే మాత్రం 12 రాసేది. మరాఠీలో ఒకటి ముందు వినిపించి, ఇరవై తర్వాత వస్తుంది కదా. పేపరు చూసినవాళ్లు దీనికి లెక్కలే రావనుకున్నారు. సర్ అసలు సంగతి పట్టుకుని, కొన్నాళ్లు దానికి మాత్రం అంకెలు బోర్డు మీద రాసి ఇచ్చారు. పరీక్ష మాత్రం అందరితో పాటు అదే రాసింది.

అహేరి నుంచి:
మీరు అడగలేదు గానీ, ముందు కాగితాల సంగతి చూసుకోండి. మా అబ్బాయికి పాత బడివాళ్లు ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యార్థుల రికార్డు యూడైస్ ప్లస్‌లో పేరు వదల్లేదు. కొత్త బడిలో హెడ్ మాస్టరు ‘ఆన్‌లైన్‌లో చూపించట్లేదు, రేపు రండి’ అంటారు. పాత బడికి ఫోన్ చేస్తే క్లర్కు లేడంటారు. పిల్లవాడేమో చివరి బెంచీలో పుస్తకం లేకుండా, హాజరు పలకకుండా కూర్చున్నాడు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదని 5వ సెక్షన్‌లోనే ఉంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చినా అంతే. అది కాగితం మీద రాసిచ్చాకే పేరెక్కించారు. మీరు అక్కడ ఉండగానే టీసీ, పెన్ నంబరు (ఆ రికార్డులో పిల్లవాడికి ఇచ్చే శాశ్వత నంబరు) తీసుకుని, పేరు వదిలారో లేదో కళ్లతో చూసుకుని బయల్దేరండి.

బల్లార్షా నుంచి:
అంకీసా అన్నతో నేను ఒప్పుకోను. ప్రత్యేకం అంటూ తేలిక పని ఇస్తూ పోతే ఏమవుతుందో మా మేనల్లుడిలో చూశాను. నాలుగు దాకా చూసిరాతే. 2019 చట్ట సవరణ తర్వాత మన మహారాష్ట్ర 5, 8 తరగతులకు వార్షిక పరీక్ష పెట్టింది. తప్పితే ఇంకో అవకాశం ఇస్తారు, అదీ తప్పితే అదే తరగతి. అక్కడ మీవాడు తెలుగువాడని ఎవరూ చూడరు.

అంకీసా నుంచి:
తేలిక పని ఇమ్మని నేనెక్కడన్నాను అన్నా? ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిల్లలను తరగతిని బట్టి కాక, అక్షరాల దగ్గరున్నారా, మాటల దగ్గరా, పేరా దగ్గరా అని చూసి, రోజులో కొంతసేపు విడిగా కూర్చోబెడతారు. మిగతా సమయమంతా అందరూ కలిసే. చేరాల్సిన చోటు ఒకటే.

బల్లార్షా నుంచి:
ఆ విడి గుంపులోనే ఏడాదంతా ఉండిపోతే? 2019లో బాలభారతి (మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ) రెండో తరగతి లెక్కల పుస్తకంలో ఇరవై ముందు చెప్పే ‘వీస్ ఏక్’ పద్ధతి పెడితే రాష్ట్రమంతా గొడవైంది. బజారులో ఏక్‌వీస్ అనే అంటారు, పిల్లవాడు అదే నేర్చుకోవాలి.

అంకీసా నుంచి:
నేర్చుకోవాలి, కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆగి, వచ్చిన తీసివేతలు పోగొట్టుకోకూడదు. గుంపు మారాలో వద్దో నెలకోసారి చూడమని సర్‌ను అడగాలి.

అహేరి నుంచి:
విదర్భలో బడులు జూన్ చివర్లో తెరుస్తారు, తెలంగాణ కంటే ఆలస్యంగా. ఈలోగా బాబుకు దేవనాగరి అక్షరాలు దిద్దించండి. బాలభారతి మూడో తరగతి పుస్తకం పీడీఎఫ్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది.