అప్‌డేట్: అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ పాటలు వినడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాను కదా

స్టూడియో ఆల్బమ్‌లు విన్నా ఎక్కడం లేదని పోయిన నెల రాస్తే, లైవ్ వినమన్నారు మీరు. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్‌లో చేసిన కచేరీ పెట్టుకుని రాత్రి విజయనగరం కోట చుట్టూ నడిచాను, 'స్కార్లెట్ బిగోనియాస్' ఎక్కడా ఆగకుండా 'ఫైర్ ఆన్ ద మౌంటెన్'లోకి జారిపోయింది, పాట మారిందని కాసేపటికి గానీ తెలియలేదు. మా సంగీత కళాశాలలో కచేరీలు వింటూ పెరిగినవాణ్ణి, మనోధర్మం (అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడడం) అంటే ఇదే కదా అనిపించింది. 'డార్క్ స్టార్' సింగిల్ మూడు నిమిషాలు కూడా లేదు, 1969 లైవ్ ఆల్బమ్ 'లైవ్/డెడ్'లో అదే పాట 23 నిమిషాలు! అభిమానులు రికార్డు చేసుకోవడానికి 1984లో బ్యాండే కచేరీల్లో విడిగా చోటు ఇచ్చిందట, ఎంత మంచి మనసండీ. ఇప్పుడు 1972 యూరప్ టూర్ వింటున్నాను. చాలా థాంక్స్ అందరికీ.