జాన్ లైడన్ వయసు మళ్లాక చెబుతున్న మాటలు: ఎపిసోడ్ ఎలా కట్టాలి?

పాటలపెట్టె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 1970ల బ్రిటిష్ పంక్ (తిరుగుబాటు రాక్ సంగీతం) బృందం సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్ మీద 40 నిమిషాల తెలుగు పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ రాస్తున్నాను. 1977లో రాణి మీద పాట పాడి బీబీసీ చేత నిషేధం వేయించుకున్న మనిషి 2008లో వెన్న ప్రకటనలో కనిపించాడు. 2017లో టీవీలో కూర్చుని బ్రెగ్జిట్‌కి (ఐరోపా కూటమి నుంచి బ్రిటన్ బయటికి రావడానికి) ఓటేసిన కార్మికుల పక్షం నిలిచాడు. 2020లో ట్రంప్‌కే ఓటు అన్నాడు. వీటిని వరసగా పేర్చి "ముసలివాడయ్యాడు, మారిపోయాడు" అని ముగించడం చాలా తేలిక, కానీ అది సరైనదేనా అని అనుమానం. ఏ క్రమంలో చెప్పాలి? ఎక్కడ తప్పులు దొర్లుతాయి? బాగా తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఉత్తరలండన్_వినికిడి

ముందు స్క్రిప్టు పక్కన పెట్టి ఒక పట్టిక గీయండి. నాలుగు గడులు చాలు: తేదీ, ఎక్కడ అన్నాడు, అప్పుడు చేతిలో ఏం పని ఉంది (ఆల్బమా, పుస్తకమా, కోర్టు కేసా), ఆ మాట మనిషి మీదా వ్యవస్థ మీదా. ఈ నాలుగో గడి నింపేసరికి సగం చిక్కు విడిపోతుంది.

ఉదాహరణకి రాణి సంగతి. పాట 1977 మే 27న వచ్చింది, జూన్‌లో రాణి పాలనకి రజతోత్సవాలు. బీబీసీ వెయ్యకపోయినా అధికారిక చార్టులో 2వ స్థానం దాకా వెళ్లింది. 2022లో రాణి చనిపోయాక ఆ సందర్భాన్ని సొమ్ము చేసుకునే పనులతో తనకు సంబంధం లేదని ప్రకటన ఇచ్చాడు. పైకి ఇది పల్టీలా ఉంటుంది. కానీ రాజకుటుంబంలోని మనుషుల మీద తనకు పగ లేదు, తన గొడవ రాచరికంతోనే అని ఆయనే చెప్పాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి వినిపించండి. నమ్మాలో వద్దో శ్రోత తేల్చుకుంటాడు.

అమెరికా వరసలో చాలామంది వదిలేసేది ఒకటుంది. 2013లో అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు ఆయన మెచ్చుకున్నది ఒబామాని, రోగుల్ని పట్టించుకునే దేశం కాగలదన్న ఆశని. ఏడేళ్ల తర్వాత ట్రంప్. ఈ మధ్య మెట్టు తీసేస్తే 1977 నుంచి 2020కి ఒక్క గంతు వేసినట్టు కనిపిస్తుంది, కథ అబద్ధమైపోతుంది.

ఇంకో పొరపాటు పంక్ అనగానే వామపక్షం అనుకోవడం. ఆ దారి ప్రధానంగా క్లాష్ అనే మరో పంక్ బృందానిది. లైడన్ ఏ పార్టీ మనిషీ కాడు. ఐరిష్ వలస కూలీల ఇంట్లో, ఉత్తర లండన్‌లోని హాలోవేలో పెరిగినవాడు. "మాకేం కావాలో మీరు చెప్పకండి" అన్నదే ఆయన మొదటి వాక్యం, ఇప్పటి వాక్యం కూడా.

కొలమానం

పై గారి పట్టిక బాగుంది. కానీ అది ఆయనకి మరీ అనుకూలంగా వాలుతోంది. ఒకే మాట మీద నిలబడితే ఆ మాట ఒప్పైపోదు కదండీ. నేనైతే ఐదో గడి పెడతాను: ఆ మాటకి ఆయన ఏం చెల్లించాడు?

1976 డిసెంబర్ 1న థేమ్స్ టెలివిజన్‌లో వ్యాఖ్యాత బిల్ గ్రండీ చేసిన ఇంటర్వ్యూలో బృందం నోట బూతులు దొర్లాయి. తర్వాత ఆ నెల యాత్రలో చాలా ఊళ్లు కచేరీలు రద్దు చేశాయి. జనవరిలో రికార్డు కంపెనీ ఈఎంఐ వదిలించుకుంది. మార్చిలో ఏ అండ్ ఎం అనే మరో కంపెనీ సంతకం చేయించుకుని రోజుల్లోనే చింపేసింది. పాట వచ్చాక జూన్‌లో లండన్‌లో ఆయన మీద కత్తులతో దాడి జరిగి చెయ్యి తెగింది. అప్పటికి ఆయనకి 21 ఏళ్లు. 2020లో అధికారంలో ఉన్న అధ్యక్షుడి నినాదం చొక్కా మీద వేసుకున్నందుకు దక్కింది తిట్లు, వాటితోపాటే బోలెడు శీర్షికలు. ఈ తేడా ఎపిసోడ్‌లో తప్పకుండా చెప్పండి. బలవంతుణ్ణి తిట్టడం, బలవంతుడి పక్కన నిలబడటం ఒకటి కావు, గొంతు అదే అయినా.

వెన్న విషయంలో మాత్రం ఆయన్ని తిట్టకండి. ఆ వెన్న బ్రాండు కంట్రీ లైఫ్ డబ్బుతోనే 2009లో తన రెండో బృందం పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్‌ని మళ్లీ నిలబెట్టాడు. 2012లో సొంత లేబుల్ మీద ఆల్బమ్ తెచ్చాడు, 20 ఏళ్ల తర్వాత మొదటిది. రికార్డు కంపెనీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటే అది రాయల్టీలోంచి తిరిగి కోసుకుంటారు, పాటల మీద పట్టు వాళ్ల చేతికి పోతుంది. ప్రకటన డబ్బుకి ఆ బాకీ లేదు. కళాకారుడి లెక్కలో అది శుభ్రమైన బేరం.

ఒక జాగ్రత్త. గ్రండీ ఇంటర్వ్యూలో బూతులన్నీ లైడన్ తిట్టాడని రాసేస్తుంటారు. ఆయన గొణిగింది ఒక్క మాట, గ్రండీ దాన్ని పట్టి మళ్లీ గట్టిగా చెప్పించాడు. వరస పెట్టి తిట్టింది గిటారిస్టు స్టీవ్ జోన్స్.

పాటలపెట్టె

ఐదో గడి కలిపేశాను, ధన్యవాదాలు. బీబీసీ వ్యాఖ్యాత జిమ్మీ సావిల్ చేసిన లైంగిక అత్యాచారాల గురించి లైడన్ ముందే చెప్పాడన్న క్లిప్ తెగ తిరుగుతోంది. వాడవచ్చా?

ఉత్తరలండన్_వినికిడి

వాడండి, కానీ మూడు ముక్కలుగా విడదీసి. ఒకటి, 1978లో బీబీసీ రేడియో ఇంటర్వ్యూలో సావిల్ నీచపు పనుల్లో ఉన్నాడనీ, దాని గురించి మాట్లాడనివ్వరనీ అన్నాడు. ఇది రికార్డులో ఉంది. రెండు, ఆ భాగం అప్పుడు ప్రసారం కాలేదు, 2013లో పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ తొలి ఆల్బమ్ మళ్లీ విడుదలైనప్పుడు దాంతోపాటు బయటికొచ్చింది. అంటే సావిల్ చనిపోయి, 2012లో నిజాలు బయటపడ్డాక. మూడు, ఈ మాట వల్లే తనని బీబీసీ దూరం పెట్టిందని ఆయన చెబుతాడు. అది ఆయన వాదన మాత్రమే, "ఆయన చెప్పేదాని ప్రకారం" అని పలకాలి. ఈ మూడింటినీ కలిపి ముద్ద చేస్తే విన్నవాళ్లెవరైనా ఒక్క తేదీ అడిగి ఎపిసోడ్ అంతా కొట్టిపారేస్తారు.

రాతప్రతి

ఉత్తరలండన్_వినికిడి గారి పట్టికలోని కోర్టు కేసు ముక్క మిగిలిపోయింది, నేను కలుపుతాను. దర్శకుడు డానీ బోయిల్ సెక్స్ పిస్టల్స్ మీద తీసే టీవీ సిరీస్‌కి పాటలివ్వనని లైడన్ అడ్డుపడితే జోన్స్, డ్రమ్మర్ పాల్ కుక్ లండన్ హైకోర్టుకెళ్లారు. 1998లో సభ్యులంతా చేసుకున్న ఒప్పందంలో మెజారిటీ మాటే చెల్లుతుందని ఉంది. 2021 ఆగస్టులో తీర్పు ఆయనకి వ్యతిరేకంగా వచ్చింది. ఆ తర్వాత పాత సహచరుల గురించి ఆయన అన్న ప్రతి మాటనీ ఈ ఓటమి తేదీ పక్కన పెట్టి చదవాలి.

తెలుగు శ్రోతకి దగ్గరి పోలిక కావాలంటే దిగంబర కవులు ఉన్నారు. ఆరుగురూ ఒకే గొంతుతో 1965 నుంచి మూడు సంపుటాలు తెచ్చారు. 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) ఏర్పడ్డప్పుడు నలుగురు అటు వెళ్లారు, భైరవయ్య, మహాస్వప్న వెళ్లలేదు. వెళ్లినవాళ్లలో నిఖిలేశ్వర్‌కి తర్వాత 2020 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒకే తిరుగుబాటు నుంచి బయల్దేరినవాళ్లు కూడా ఒకే దారిన వయసుపైబడరు. రెండు నిమిషాలు మించనివ్వకండి, లేకపోతే అదే మరో ఎపిసోడ్ అయిపోతుంది.

ఇక కొలతలు. నిమిషానికి సుమారు 100 మాటల లెక్కన 40 నిమిషాలకి 4,000 మాటలు. క్లిప్పులకి 5 నిమిషాలు తీసేస్తే 3,500 రాయండి. "30 సెకన్లలోపు అయితే కేసు ఉండదు" అన్నది వట్టి మాట, మన కాపీరైటు చట్టంలో అలాంటి సెకన్ల లెక్క లేదు. విమర్శ కోసం న్యాయమైన వాడకానికి సెక్షన్ 52 వెసులుబాటు ఇస్తుంది. అయినా యూట్యూబ్‌లో యంత్రం పాటని పట్టేస్తుంది. కాబట్టి పాటలు తగ్గించి మాటల క్లిప్పులు పెట్టండి, ప్రతి క్లిప్ ముందూ తేదీ మీరే పలకండి.

ఒక్కటి వదలకండి. భార్య నోరా అల్జీమర్స్‌తో ఉన్నప్పుడు ఆయనే దగ్గరుండి చూసుకున్నాడు. ఆమె కోసం రాసిన పాటతో 2023లో యూరోవిజన్ (ఐరోపా దేశాల పాటల పోటీ) కోసం ఐర్లండ్ పెట్టిన ఎంపిక పోటీకి వెళ్లి 4వ స్థానంలో ఆగాడు. ఆ ఏప్రిల్‌లోనే ఆమె పోయింది. రాజకీయపు శీర్షికల కింద ఇది కనిపించకుండా పోతోంది. నా లెక్కలో దీనికి ట్రంప్ భాగం కంటే ఎక్కువ సమయం ఇవ్వాలి.

కొలమానం

సమానంగా ఇవ్వండి, చాలు. ఎక్కువిస్తే ఐదో గడి మళ్లీ ఖాళీ అవుతుంది.