కొరికాడని డేకేర్ నుంచి పంపేయొచ్చా? చట్టం కావాలా, వద్దా?

మారతహళ్లి అమ్మ: మా వాడికి రెండున్నరేళ్లు. పక్క పిల్లని కొరికాడని శుక్రవారం సాయంత్రం డేకేర్ నుంచి ఫోన్: "సోమవారం నుంచి పంపకండి." ఇద్దరం ఉద్యోగస్తులం. అత్తయ్యగారు నెల్లూరు నుంచి ఆ రాత్రే బస్సెక్కారు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రవర్తన బాగాలేదని చిన్నపిల్లల్ని ఇలా తీసేయకూడదని చట్టమే ఉంది, 2018 నుంచి. బెంగళూరులో ఎందుకుండకూడదు?

బెల్లందూరు నాన్న: మా పాప బుగ్గ మీద పంటిగాట్లతో ఇంటికొచ్చిందండీ, ఒకే వారంలో రెండుసార్లు. మీ వాడు కాకపోవచ్చు. కానీ చట్టం పెట్టి ఆ పిల్లాణ్ని అక్కడే ఉంచితే మా పాప సంగతేంటి?

వైట్‌ఫీల్డ్ టీచరమ్మ: ఆ వయసులో కొరకడం మామూలేనండి. కోపమొస్తే చెప్పడానికి మాటలుండవు. పంపేస్తే ఇంకో డేకేర్లో కొరుకుతాడు, అంతే తేడా. కానీ మా గదిలో పద్నాలుగు మంది, నేనూ ఒక ఆయమ్మా. నేను ఒకడి వెనకే తిరిగితే మిగతావాళ్లని ఎవరు చూస్తారు? చట్టం రాసేవాళ్లు ఇంకో మనిషి జీతం ఎవరిస్తారో కూడా రాయాలి. లేకపోతే ఇలాంటి పిల్లలకి మొదట్లోనే "సీట్లు లేవు" అంటారు. అడ్మిషన్ ఇవ్వకపోతే తీసేసే గొడవే ఉండదుగా!

కోరమంగళ లాయర్: ఇల్లినాయ్ చట్టం గుడ్డిగా ఆపేయదు. ముందు పిల్లాడికి సాయం చేసే ప్రయత్నాలు జరగాలి, అవి రాసిపెట్టాలి. కుదరకపోతే తల్లిదండ్రులతో కలిసి, ప్లాన్ ప్రకారం వేరేచోటికి మార్చొచ్చు. భద్రతకు ముప్పుంటే తాత్కాలికంగా గుంపు నుంచి పక్కన పెట్టొచ్చు కూడా. ఇంకో మనిషి సాయం కావాలన్న టీచరమ్మ మాటకు ఆధారం ఉంది: 2005లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకుడు వాల్టర్ గిలియమ్ లెక్కతీస్తే, అక్కడ బడి పిల్లలకన్నా ప్రీకిండర్‌గార్టెన్ (బడికి ముందు చేరే క్లాసు) పిల్లల్నే మూడు రెట్లు ఎక్కువగా తీసేస్తున్నారు. ప్రవర్తన నిపుణులు తరచూ వచ్చే క్లాసుల్లో మాత్రం అది తక్కువ. మన విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదంటుంది, కానీ ఆ హక్కు 6 నుంచి 14 ఏళ్లవాళ్లకే. మీ రెండున్నరేళ్ల వాడికి మిగిలింది అడ్మిషన్ ఫారమే. చదివారా?

మారతహళ్లి అమ్మ: ఇప్పుడే తీశాను. "తుది నిర్ణయం యాజమాన్యానిదే" అట. సంతకం నాదే. సరే, చట్టం వచ్చేలోగా రెండు వారాల నోటీసైనా ఫారంలో రాయమని తల్లిదండ్రులంతా కలిసి అడుగుదామా?

వైట్‌ఫీల్డ్ టీచరమ్మ: అడగండి. మేడమ్‌కి మేం చెబితే వినరు, ఫీజు కట్టేవాళ్లు చెబితే వింటారు. ఇంకో ఆయమ్మని కూడా అడగండి.

బెల్లందూరు నాన్న: నేనూ వస్తాను. కొరికిన పూటే మాకు ఫోన్ రావాలని కూడా రాయించండి. సాయంత్రం బట్టలు మారుస్తుంటే తెలియకూడదు.